కరువు కాలపు విశ్వాసం

మనిషి తన దేవుణ్ణి మార్చుకున్నప్పుడు ఆ మార్పు మనసు కోరినదా, కడుపు కోరినదా అన్న ప్రశ్న తెలుగునాట నూట యాభై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అది మిక్కిలి తీవ్రంగా ఎదురైన సందర్భాల్లో ఒకటి 1866 నుంచి 1878 వరకు నేటి ప్రకాశం ప్రాంతపు పడమటి పల్లెల్లో నడిచింది. ఒంగోలు నుంచి పొదిలి, కనిగిరి మీదుగా వెలిగొండల పాదాన ఉన్న చంద్రశేఖరపురం వరకు, ఆ కొండలకు ఆవల కంభం, గిద్దలూరు, మార్కాపురం వరకు పరుచుకున్న ఈ మెట్టసీమ అప్పట్లో ఒకే జిల్లాలో లేదు. కనిగిరి వైపు పల్లెలు నెల్లూరు జిల్లాలోనూ, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలోనూ ఉండేవి, 1970లో గాని ఇవన్నీ ఒక జిల్లా కిందికి రాలేదు. వాన పడితే జొన్న, సజ్జ, చెరువు నిండితే నాలుగు కయ్యల వరి, రెండూ తప్పితే వలస అన్నదే అంతటా సాగిన బతుకు.

ఆ కాలపు సామాజిక మార్పును గురించి తెలుగు చరిత్ర పుస్తకాలు చెప్పేటప్పుడు చూపు సహజంగా రాజమండ్రి మీదికి పోతుంది. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టడం, 1881లో తొలి వితంతు వివాహం జరిపించడం చదువుకున్నవారి మధ్య, చదువు ఆసరాగా జరిగిన పనులు గనుక వాటి ఆనవాళ్లు పదిలంగా మిగిలాయి. అదే కాలంలో పడమటి పల్లెల్లో అక్షరం ముక్క రాని వేలాది మంది మాదిగలు క్రైస్తవులై తమ తిండినీ, పనిదినాలనూ, దేవతనూ మార్చుకున్న సంగతి మాత్రం చాలావరకు మిషనరీల రాతల్లోనే దొరుకుతుంది. తమ గెలుపును తామే చెప్పుకున్న రాతలు కావడం చేత వాటిని కొంత తరుగు తీసి చదువుకోవాలి. అలాగని పూర్తిగా తోసిపుచ్చితే ఆ పల్లెల గురించి చెప్పేవారే ఉండరు.

ఈ మార్పు ఎంతటిదో తెలియాలంటే ముందు ఊరికీ మాదిగపల్లెకూ ఉన్న లంకె తెలియాలి. బావి కింద సాగు చేసే రైతుకు కపిల కావాలి. కపిల అంటే ఎద్దులు లాగగా బావిలోంచి నీళ్లు పైకి తెచ్చే మోట, దాని బానకు అడుగున తోలుతో కుట్టిన తొండం ఉంటుంది. ఆ తొండాన్నీ, కాడికి కట్టే వార్లనూ, రైతు కాలి చెప్పులనూ మాదిగవాడు కుట్టి ఇవ్వాలి. అందుకు బదులుగా ఊళ్లో చచ్చిన గొడ్డు తోలు అతనిది, కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు దక్కే మేర, అనగా పంటలో వృత్తివారికి ఇచ్చే వాటా, అతనిది. తెచ్చిన తోలును సున్నంలో నానవేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క వేసిన లందలో, అంటే తోలు ఊనే గుంటలో, రోజుల తరబడి ఊరబెట్టేవారు. గొడ్డు మాంసం పల్లెలో పంపకాలు పడేది, మిగిలినది ఎండబెట్టి కరువు రోజులకు దాచేవారు. పోలేరమ్మకో అంకమ్మకో కొలుపు చేస్తే డప్పు కొట్టవలసిందీ మాదిగవాడే, అమ్మవారు పూనినట్టుగా భావించే మాతంగి కూడా మాదిగ స్త్రీయే. ఊరి బయట ఉంచిన జనం చేతిలోనే ఊరిని కాచే అమ్మవారి పూజలో సగం పని ఉండడం ఈ వ్యవస్థలోని వింత, ఒకరకంగా దాని బలం కూడా.

పల్లె ఆధ్యాత్మికంగా బీడుపడి ఉందని, విత్తనం బయటి నుంచే వచ్చిందని అనుకోవడం సరికాదు. చంద్రశేఖరపురానికి దాపున భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి. అలాంటి గుళ్ల గడప అస్పృశ్యులకు అందనిదే అయినా, గుడి అక్కరలేని బోధ ఒకటి వారి మధ్య చాలాకాలంగా తిరుగుతూ ఉండేది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్యతో పాటు మాదిగ కక్కయ్య పేరు చెప్పుకోవడం, శ్వాసను నిలిపి లోపలి వెలుగును చూడాలనే రాజయోగ సంప్రదాయంలో కులం చూడని గురువులు ఉపదేశం ఇవ్వడం ఇందుకు నిదర్శనాలు. ఆ ఉపదేశం పొందినవారిలో ఒకడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారి అయిన ఈ మాదిగ, బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర యోగమార్గం తెలుసుకున్న తరువాతే, వ్యాపారం మీద ఏలూరు దాకా వెళ్లి అక్కడ ఒక ఇంగ్లీషు మిషనరీ బోధ విన్నాడు. ఒకే దేవుడున్నాడనీ, విగ్రహం అక్కరలేదనీ అతనికి వీరమ్మ బోధ వల్ల అప్పటికే తెలుసు. ఏలూరులో విన్నది దానికి కొనసాగింపుగా తోచి ఉండాలి. 1866లో అతనికి ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ బాప్తిస్మం ఇచ్చాడు. బాప్తిస్మం అంటే నీటిలో ముంచి లేపే దీక్ష. అదే ఏడాది ఒంగోలులో కాపురం పెట్టిన జాన్ ఎవరెట్ క్లౌ, జనం వ్యవహారంలో క్లౌ దొర, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘాన్ని స్థాపించాడు. ఆ నెలలోనే పేరయ్య ఊరైన తాళ్లకొండపాడు దగ్గర ఇరవై ఎనిమిది మంది దీక్ష తీసుకున్నారు. వారిని కూడగట్టింది దొర ప్రసంగం కాదు, పేరయ్యకున్న బంధుత్వాలూ, అతని భార్య నాగమ్మ పరిచయాలూ, తోళ్ల బేరాల్లో ఊరూరా తిరిగిన పాత బాటలూ.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నిబంధనలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. పాపం, రక్షణ, త్రిత్వం వంటి సిద్ధాంతాల ప్రస్తావన ఇందులో లేదు. మతాన్ని మనసులోని నమ్మకంగా భావించే వారికి ఇవి పైపై నియమాలుగా కనిపించవచ్చు గాని, పల్లె లెక్కలో ఈ మూడూ ఊరితో ఉన్న మూడు ఒప్పందాలను తెంచేవి. ఆదివారం పని మానితే ఎండాకాలం కపిల తొండం చినిగిన రైతు పైరు ఎండుతుంది. మాంసం మానితే తరతరాలుగా తమను అంటరానివారుగా చూపడానికి ఊరు చెప్పిన సాకు చేజారుతుంది. విగ్రహాన్ని మానితే జాతరలో డప్పు మోగదు. మూడోదే అన్నిటికంటె పెద్ద తగవు తెచ్చింది. డప్పు మోగకపోతే అమ్మవారు అలుగుతుందనీ, అలిగితే కలరా, మశూచి ఊరందరి మీదా పడతాయనీ రెడ్డి, కరణం నిజంగానే నమ్మారు. కనుక మేరలు ఆపడం, బావి నీళ్లు, పశువుల మేత బంద్ చేయడం వంటి కక్షసాధింపులను ఒట్టి పెత్తనపు అహంకారంగా చూడడం సగం నిజమే. వారి వైపు నుంచి అది ఊరిని కాపాడుకునే మతధర్మం కూడా. ఈ తెగతెంపులన్నీ కరువుకు పదేళ్ల ముందు మొదలయ్యాయన్న సంగతి తరువాతి వాదాల్లో తరచు మరుగున పడుతుంది.

మిషను కూడా ఒక తెగతెంపుకు సిద్ధపడవలసి వచ్చింది. ఒంగోలులో మొదట ఆసక్తితో వచ్చినవారు అగ్రవర్ణాలవారే. మాదిగలు రావడం మొదలుకాగానే, వాళ్లను చేర్చుకుంటే తాము రాలేమని చెప్పేశారు. ఆ రాత్రి క్లౌ, అతని భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం, లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పేది, కంటబడిందని మిషను చరిత్ర చెబుతుంది. కాకతాళీయమో, దైవనిర్ణయమో చదివేవారి ఇష్టం. ఫలితం మాత్రం ఒక్కటే: ఆ మిషను ఇక మాదిగల మిషనుగా స్థిరపడింది.

ఇంతలో ధాత నామ సంవత్సరం, అంటే 1876, వచ్చింది. వానలు తప్పి ధాత కరువుగా పేరుపడిన ఈ విపత్తు 1878 దాకా సాగి, దక్షిణ భారతంలో 50 లక్షలకు పైగా ప్రాణాలు తీసిందని అంచనా. రైళ్లు ధాన్యాన్ని కరువు సీమకు తెచ్చినంత సులువుగా ధర పలికే చోటికి తరలించుకుపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో వైస్రాయి లిట్టన్ విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించేనాటికి మద్రాసు రాజధానిలో జనం రాలిపోతున్నారు. ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ పైన కొద్దిపాటి చిల్లరకూ కుదించాడు. ఆ తిండితో ఒళ్లు వంచి పని చేయడం అసాధ్యమని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. భూమి ఉన్న రైతే నగలూ పశువులూ అమ్ముకున్న ఆ రోజుల్లో, ఎవరో పండించినదాంట్లో మేర మీద బతికే వృత్తివారి సంగతి చెప్పనక్కరలేదు. చచ్చిన గొడ్లు కోకొల్లలుగా దొరికిన కాలంలో చచ్చిన గొడ్డు మాంసం ముట్టరాదన్న రెండో నిబంధన ఎంత బరువైనదో ఊహించుకోవలసిందే.

మిషనరీ కాకమునుపు అమెరికాలో భూమి సర్వే పని చేసిన క్లౌ, కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర పాకలు వేయించి, గుంపు గుంపుకు ఒక తెలుగు బోధకుణ్ణి మేస్త్రీగా నిలిపాడు. పలుగుతో తవ్వేవారు, తట్టలు మోసేవారు అన్ని కులాలవారూ అయినా, కొలత చూసి కూలి ఇప్పించేది నిన్నటిదాకా చెప్పులు కుట్టిన మాదిగ బోధకులు; పొద్దుగూకాక పాకల మధ్య బోధ చేసేదీ వాళ్లే. దూరపు పల్లెల నుంచి వచ్చినవారు ఆ మాటలను కూలి డబ్బులతో పాటు ఇంటికి మోసుకుపోయారు. ఇంతమంది వింటున్న ఆ నెలల్లో, దాదాపు పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలి వల్ల వచ్చినవారిని చేర్చుకున్నాడన్న మాట పడకూడదని అతని ఉద్దేశం.

సహాయం ఆగిపోయిందని తెలిసిన తరువాత, 1878 జూన్‌లో, జనం మళ్లీ వచ్చారు. తమకు డబ్బు అక్కరలేదనీ, చేతుల్లోని బొబ్బలే తాము పనిచేసి బతికామనడానికి సాక్ష్యమనీ, వచ్చే పంట కూడా పోతే చావు తప్పదు గనుక క్రైస్తవులుగానే చస్తామనీ వారన్నట్టు మిషను రాతల్లో ఉంది. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర దీక్షలు మొదలయ్యాయి. ఏ పల్లె బోధకుడు ఆ పల్లెవారిని విడిగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని గురించి తనకు తెలిసినది చెప్పి, పేరు జాబితాలో రాయించాకే నీళ్లలోకి పంపేవారు. జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని బాప్తిస్మం ఇచ్చారు; క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. ఏడాది ముగిసేసరికి ఆ లెక్క 9,000 దాటింది. ఒంగోలు సంఘం కొద్దికాలంలోనే ప్రపంచంలోని అతి పెద్ద బాప్టిస్టు సంఘంగా పేరుపడగా, దాని భారం పంచుకోవడానికి కంభం, కనిగిరి, పొదిలి, మార్కాపురాల్లో మిషను కేంద్రాలు వెలిశాయి.

అమెరికాలోని సొంత శాఖవారే ఈ లెక్కను చూసి సంతోషించినంతగా సందేహించారు కూడా. బాప్టిస్టు శాఖ పుట్టుకే వ్యక్తి అంతరంగం మీద ఆధారపడింది: పసిపిల్లలకు దీక్ష ఇవ్వకపోవడం, పెరిగిన మనిషి తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నాకే నీటిలో ముంచడం దాని మూలసూత్రం. అటువంటి మతంలోకి బంధువుల వెంట బంధువులు, పల్లెకు పల్లె తరలివస్తే ఆ ఒప్పుకోలు ఎవరిది, మనిషిదా, పల్లెదా అన్న చిక్కు తప్పదు. పదిహేను నెలలు ఆపడంలో క్లౌ తన మర్యాదను కాపాడుకున్నాడే గాని ఆ చిక్కును విప్పలేదు. లాభం తొలగించి చూస్తే మిగిలేదే అసలైన విశ్వాసమని ఆ వాయిదా వెనుక ఉన్న భావం. కాని 1878లో దీక్ష తీసుకున్నవారికి కూలి రాకపోయినా దొర అండ ఉంది, పిల్లలకు బడి ఉంది, తాసీల్దారు కచ్చేరీలో తమ తరఫున మాట్లాడే మనిషి ఉన్నాడు. లాభమనేదే లేని సందర్భం కోసం వెతికితే ఏ మతంలోనూ విశ్వాసి దొరకడు.

ఈ విషయంలో భారతీయ చింతన పాశ్చాత్యుల కంటె ఉదారంగానే ఆలోచించింది. భగవద్గీత ఏడో అధ్యాయం భక్తులను నాలుగు రకాలుగా చెబుతుంది: కష్టంలో పడి మొరపెట్టే ఆర్తుడు, తెలుసుకోగోరే జిజ్ఞాసువు, ఏదో ఒకటి కోరి వచ్చే అర్థార్థి, తెలిసిన జ్ఞాని. జ్ఞానికి పైమెట్టు ఇచ్చినా, ఆర్తుణ్ణీ అర్థార్థినీ భక్తుల జాబితాలోంచి తీసివేయలేదు, పైగా అందరినీ ఉదారులేనన్నది; ఆర్తుడంటే దొంగలకో, పులికో, రోగానికో చిక్కినవాడని శంకరులు భాష్యంలో వివరించారు. తెలుగువారు ఇంటింటా చెప్పుకునే పోతన గజేంద్రమోక్షంలో ఏనుగు తన బలమంతా ఉడిగాకే దేవుణ్ణి పిలిచింది. మొసలి పట్టు విడిపించుకోవడానికి చేసిన భక్తి గనుక అది అవసరార్థపు భక్తి అని ఏ పౌరాణికుడూ తప్పుపట్టలేదు. మరి అదే సమాజం ధాత కరువులో పిలిచిన మాదిగవాడి పిలుపును గంజి కోసమని తేలిక చేసింది. ఆర్తి రెండుచోట్లా ఒక్కటే. తేడా పిలిచిన దేవుడిలో ఉంది, అంతకంటె ఎక్కువగా పిలిచినవాడి కులంలో ఉంది. దేవుడి మాన్యం తింటూ అర్చకత్వం చేసేవారి భక్తికీ, ఉద్యోగం కోసం దొర బడిలో బైబిలు వల్లించిన అగ్రవర్ణపు విద్యార్థికీ ఈ నికషం ఎన్నడూ పెట్టలేదు.

అలాగని ఈ కథను విమోచన గాథగా మలచడం కుదరదు. ఒంగోలు, కనిగిరి సీమల్లో బాప్టిస్టు సంఘం మాదిగలది, కడప వైపు లండన్ మిషను ఎక్కువగా మాలలది అయి కూర్చోవడంతో, మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య ఉన్న పాత ఎడం శాఖాభేదంగా స్థిరపడింది. రెడ్డి స్థానంలో దొర వచ్చాడు. అడిగేవాడు, ఇచ్చేవాడు అన్న సంబంధం మాత్రం చాలాకాలం అలాగే నిలిచింది. మాతంగి సంప్రదాయంతో పాటు, తమను జాంబవంతుడి సంతతిగా చెప్పుకునే కులపురాణాలు క్రైస్తవ పల్లెల్లో పలచబడ్డాయి. వాటిలో కొంతైనా రాతలో మిగిలిందంటే అందుకు కారణం క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకం. వాటిని మానిపించిన మిషను ఇంటివారే వాటిని పదిలపరిచారు.

మతం మారడంలో మనసెంత, అవసరమెంత అన్న వాదం 1930ల్లో దేశవ్యాప్తమయింది. అస్పృశ్యులకు మత సిద్ధాంతాలను తూచే శక్తి ఎక్కడిదన్న ధోరణిలో గాంధీ 1936లో అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, ఆవుకు సువార్త బోధిస్తారా అని అడిగాడు. దోర్నకల్ బిషప్ అజరయ్యకు గాంధీతో పడిన పేచీ కూడా ఇక్కడే. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించిన అంబేడ్కర్, మతం మార్చుకోవడాన్ని గౌరవం కోసం ఆలోచించి తీసుకునే నిర్ణయంగా చూశాడు. ఈ ముగ్గురిలో పడమటి ప్రకాశం అనుభవానికి దగ్గరగా వచ్చినవాడు అంబేడ్కరే, ఆయన ఎంచుకున్న మతం వేరైనా. గాంధీ మాట, ఎంత దయతో అన్నా, వీరమ్మ దగ్గర యోగం నేర్చి, ఏలూరు దాకా వెళ్లి, రెండు బోధలను పోల్చి చూసుకున్న పేరయ్య వంటి మనిషిని లెక్కలోకి తీసుకోదు.

స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్న చట్టంలోకి దిగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతుల్లోని సి వర్గంలో, 1 శాతం రిజర్వేషన్ కిందికి వస్తారు. దానితో ఆదివారం ప్రార్థనకు పోతూ కాగితం మీద హిందువుగా మిగిలిన కుటుంబాలు ఎన్నో ఏర్పడ్డాయి. దీన్ని కపటమని కోర్టులు అనవచ్చు గాని, లాభం కోసం విశ్వాసాన్ని ప్రకటించారని 1878లో శంకించిన లోకమే ఇప్పుడు లాభం కోసం విశ్వాసాన్ని దాచారని శంకిస్తున్నది. రెండుసార్లూ విశ్వాసానికి ధర కట్టింది ఆ మనుషులు కారు.

1994 జులై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. షెడ్యూల్డు కులాల రిజర్వేషన్లను ఉపకులాల వారీగా పంచాలన్నది దాని కోరిక; అలా వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఉద్యమం చేతబట్టిన గుర్తు డప్పు. పూర్వీకులు మూడో నిబంధన కింద దించిన వాద్యాన్ని మునిమనుమలు భుజాన వేసుకుంటే అది విగ్రహారాధన అవుతుందని ఏ పాస్టరూ అడ్డుచెప్పవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఇప్పుడది పోలేరమ్మ కొలువులో వెట్టిగా మోగడం లేదు. వాద్యం వేరు, దానితో చేయించిన వెట్టి వేరు అన్న విచక్షణను 1870ల్లో రెడ్డి గాని, దొర గాని చేయలేదు. డప్పు ఆగితే అమ్మవారు అలుగుతుందని ఒకరు, మోగితే ఏసు అలుగుతాడని మరొకరు అనుకున్నారు; ఆ తోలును ఊని, బిగించి, కాచి కొట్టిన వాడి అభిప్రాయాన్ని ఇద్దరూ అడగలేదు.